ఆదివారం అన్నదానం, స్టీలు గ్లాసుల సంగతి

అందరికీ నమస్కారం. ఆదివారం మన అపార్ట్‌మెంట్ అన్నదానానికి ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు వద్దని నా మాట. పోయినసారి ప్యాకెట్లు సెల్లార్ కాలువలో ఇరుక్కుని నీళ్లు బైకుల చక్రాల దాకా వచ్చాయి, గుర్తుందిగా?

తిరుమలలో 2022 జూన్ నుంచి ప్లాస్టిక్‌పై పూర్తి నిషేధం. అలిపిరి తనిఖీలో బాటిల్ తీసి పక్కన పెట్టేస్తాం, గొణుక్కోకుండా స్టీలు బాటిల్ మోస్తాం. కొండ దిగగానే బస్టాండులో మళ్లీ ప్లాస్టిక్ బాటిలే! తనిఖీ భయం కొంత ఉంటుంది. కానీ అసలు పని చేసేది 'స్వామి చోటు' అన్న భావమే అనిపిస్తుంది నాకు. మన సెల్లార్ చేసుకున్న పాపమేమిటో మరి.

మా అవ్వ అడ్డాకు విస్తర్లు కుట్టేది. తిన్నాక అవి పెంటకుప్పలో పడి ఎరువయ్యేవి. పర్యావరణం అన్న మాట ఆమెకు తెలియదు, పారేసేది మట్టిలో కలవాలని మాత్రం తెలుసు.

అరిటాకులు పొద్దున్నే నేను తెస్తాను. ఫస్ట్ ఫ్లోర్ అక్క 60 స్టీలు గ్లాసులు ఇస్తామన్నారు. ఇంకో 40 కావాలి. ఇచ్చేవాళ్లు అడుగున నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, తర్వాత 'మాది ఏది' అని పంచాయితీ వద్దు. గ్లాసులు కడగడానికి అన్నలు కూడా రావాలి, అక్కలకే వదిలేయొద్దు.