'డియర్ ఎఫ్ఎన్‌యూ' రాస్తున్న పన్నెండో లేఖ

ఎడిసన్, న్యూజెర్సీ
17 నవంబర్ 2025

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి (అలాంటి మనిషి నిజంగా ఒకరు ఉంటే),

విషయం: మీ ఆన్‌లైన్ పందేల యాప్‌లో ఆగిపోయిన నా డబ్బు, అంతకంటే ముఖ్యంగా మీ మౌనం

అయ్యా,

మీకు ఇంగ్లిష్‌లో పదకొండు మెయిళ్లు పెట్టాను. పదకొండింటికీ ఒకటే జవాబు, కామా కూడా మారలేదు. అందుకని పన్నెండోది తెలుగులో రాస్తున్నాను. చదివేవాళ్లు లేరనకండి. మీ దగ్గర ఉన్నారు, ఆ సంగతి కింద చెప్తాను.

సెప్టెంబర్ 28, ఆదివారం, ఆసియా కప్ ఫైనల్. పొద్దున్నే టీవీ ముందు కూర్చున్నాం. ఇండియా 20 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు చేతిలో ఉప్మా ప్లేటు అలాగే ఉండిపోయింది. తర్వాత మా హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్. మనవాళ్లలో టాప్ స్కోరర్ అతనే అవుతాడని పందెం కాశాను, గెలిచాను. రేటెంత, కాసిందెంత అన్నవి మీ యాప్‌లోనే ఉన్నాయి. పాత బ్యాలెన్స్‌తో కలిపి 1,640 డాలర్లు. సాయంత్రం విత్‌డ్రా కొడితే 'పెండింగ్' అని వచ్చింది. ఇవాళ్టికి 50 రోజులు.

ముందు చాట్‌లో మీ రోబో పలకరించింది. డిపాజిట్ గురించా, బోనస్ గురించా అని అడిగింది. విత్‌డ్రా అన్న మాటే దానికి నేర్పలేదు. మూడు రోజులు దాంతో కుస్తీ పట్టి, విసుగొచ్చి 'డిపాజిట్' నొక్కాను. తొమ్మిది సెకన్లలో మనిషి ప్రత్యక్షం!

ఆ మొదటి ఆయన, నేను న్యూయార్క్‌లో ఉండి ఆడినట్టు అనుమానంగా ఉందన్నాడు. నా ఉద్యోగం మాన్‌హట్టన్‌లో, రోజూ మెట్రోపార్క్‌లో రైలెక్కుతాను, నిజమే. రాష్ట్రం దాటితే మీ న్యూజెర్సీ యాప్ పందెం తీసుకోదు, అది రూలు, ఒప్పుకుంటాను. కానీ ఆదివారం ఇంట్లో సోఫాలో కూర్చుని ఆడినవాడికి ఆ కథ ఎందుకు? అదే అడిగితే, "మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది" అని చాట్ మూసేశాడు.

రెండో ఆవిడ లొకేషన్ సమస్యే కాదు, పేరు సమస్య అంది. ఇది కాస్త ఓపిగ్గా వినండి. నాకు పాస్‌పోర్టు ఇచ్చినప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో కొట్టారు. వీసాకి వచ్చేసరికి ఆ పొడుగు పేరంతా ఇంటిపేరైపోయింది, అసలు పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు అని. అమెరికాలో మా తెలుగువాళ్లలో ఈ పేరుతో తిరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. 2019లో మీ దగ్గర ఖాతా తెరిచింది ఆ పేరుతో ఉన్న డ్రైవింగ్ లైసెన్స్‌తోనే. గ్రీన్‌కార్డ్ వచ్చాక 2023లో పేరు సరిచేయించుకున్నాను. ఈ ఆరేళ్లలో నేను డబ్బు వేసిన ఏ ఒక్కసారీ మీకు పేరు అడ్డం రాలేదు. తీసుకోబోతే వచ్చింది.

మూడో ఆయన తెలివైనవాడు. ఎఫ్ఎన్‌యూ పేరుతో ఇప్పుడు చెల్లే గుర్తింపు కార్డు పంపమన్నాడు. ఆ పేరుతో మనిషే లేడయ్యా అంటే, "డియర్ ఎఫ్ఎన్‌యూ, ఫోటో స్పష్టంగా లేదు, మళ్లీ అప్‌లోడ్ చేయండి" అని మెయిల్. అయిదుసార్లు చేశాను. అయిదోసారి మా అమ్మాయి లైసెన్స్‌ని కిటికీ దగ్గర ఎండలో పెట్టి తీసింది. అందులో నా మొహం మీద మొటిమ మచ్చ కూడా కనిపిస్తోంది.

నాలుగో అబ్బాయి పేరు చూసి, "తెలుగువారా?" అని టైప్ చేశాను. "అవునండీ" అన్నాడు. మొత్తం చెప్పుకున్నాను. చాలాసేపటికి జవాబు వచ్చింది: "సార్, నా స్క్రీన్ మీద కూడా పెండింగ్ అనే ఉంటుంది. పై టీమ్‌తో మాట్లాడే నంబర్ మాకూ ఇవ్వలేదు సార్." 50 రోజుల్లో నాకు నిజం చెప్పింది ఆ అబ్బాయి ఒక్కడే. ఈ లేఖ అతనితో చదివించుకోండి. ఉద్యోగం మాత్రం తీసేయకండి.

నాకు వీఐపీ హోస్ట్ అని, నా బాగోగులు చూడ్డానికి మీరు పెట్టిన ఒకాయన ఉండేవాడు. పుట్టినరోజుకి ఫోన్ చేసి, మీరు మా కుటుంబం అనేవాడు. సెప్టెంబర్ 29 నుంచి ఆ ఫోన్ ఎత్తే దిక్కు లేదు. డిపాజిట్ ఆఫర్లు మాత్రం నిన్న రాత్రి కూడా వచ్చాయి.

ఒక్క మాట. ఈ పందేలు చట్టబద్ధం చేయాలని న్యూజెర్సీ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడింది. 2011లో జనం ఓటేశారు. దానికి అడ్డుపడిన 1992 నాటి ఫెడరల్ చట్టాన్ని సుప్రీంకోర్టు 2018 మే 14న కొట్టేసింది. నెల తిరిగేసరికి గవర్నర్ మర్ఫీ మన్మౌత్ పార్క్ గుర్రప్పందేల మైదానానికి వెళ్లి, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ జర్మనీదే అని 20 డాలర్లు కాశాడు. జర్మనీ గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది. అదృష్టవంతుడు, విత్‌డ్రా కొట్టే పని పడలేదు. ఇంత తంతూ దొంగ బుకీల బారి నుంచి జనాన్ని తప్పించాలని కదా? మా తెనాలిలో చిన్నప్పుడు చూసిన దొంగ బుకీ మ్యాచ్ అయిన మర్నాడే టీకొట్టు దగ్గర నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. గుర్తింపు కార్డు అడిగిన పాపాన పోలేదు.

జూలై నుంచి రాష్ట్రం మీ ఆన్‌లైన్ పన్ను 13 నుంచి 19.75 శాతానికి పెంచింది. మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. కానీ ఆటగాళ్ల సొమ్ము మీ సొమ్ముతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలన్నది కూడా ఈ రాష్ట్రం రూలే. ఆ 1,640 మీవి కావు, నా దగ్గర మీరు గెలిచినవీ కావు.

శుక్రవారం లోపు డబ్బు పడాలి. దాంతోపాటు, నా అసలు పేరు రాసి, ఒక మనిషి సంతకంతో క్షమాపణ కావాలి. నిజం చెప్పాలంటే ఇప్పుడు నాకు రెండోదే ముఖ్యం. లేదంటే, మీలాంటి కంపెనీల మీద రాష్ట్రం పెట్టిన గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ డివిజన్‌కి ఇవ్వాల్సిన ఫిర్యాదు ఫారం నింపి పెట్టుకున్నాను, శనివారం పొద్దున పంపేస్తాను. మనవాళ్ల దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో నాకు తెలిసిన ప్రతివాడికీ ఈ కథ చెప్తాను. వాళ్లలో ఎంతమంది ఎఫ్ఎన్‌యూలో మీరే లెక్కపెట్టుకోండి.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం ఎఫ్ఎన్‌యూ

జతపరిచినవి: లైసెన్స్ ఫోటో (ఆరోసారి), పేరు మార్పు కాగితాలు, నాలుగు చాట్‌ల కాపీలు, కరెంటు బిల్లు. బిల్లు మా ఆవిడ పేరు మీద ఉంది. దయచేసి దాంతో మళ్లీ మొదలుపెట్టకండి.