ఫీజు కట్టేవాళ్ళు లేని పేషెంటు

ఒరేయ్ మిత్రమా,

క్లినిక్ తెరిచీ తెరవగానే దెబ్బతిన్న గుడ్లగూబ వచ్చిందని నీ ఉత్తరంలో చదివి నవ్వాగలేదు. "కుక్కలకీ పిల్లులకీ కదా బోర్డు పెట్టాను" అంటావేంట్రా! రోడ్డు మీద దెబ్బతిన్న పక్షి కనబడితే జనం దగ్గర్లో ఉన్న పశువైద్యుడి దగ్గరికే ఎత్తుకొస్తారు. అలవాటు చేసుకో.

ఇలాంటి అడవి ప్రాణుల కంటికి మనం డాక్టర్లం కాదు, వేటగాళ్ళం. నిమిరితే కదలకుండా ఉందంటే నెమ్మదించిందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. జింకల్లాంటివైతే పెనుగులాటలో కండరాలు దెబ్బతిని, కొన్ని రోజుల తర్వాత కూడా చచ్చిపోతాయి. అందుకే, రక్తం కారుతుంటేనో ఊపిరాడకపోతేనో తప్ప, రాగానే టేబుల్ ఎక్కించకు. గాలాడే అట్టపెట్టెలో, చీకట్లో, వెచ్చగా, కుక్కల అరుపులు వినబడని గదిలో కాసేపు వదిలెయ్. తెచ్చినవాళ్ళు పాలు పట్టబోతారు, పట్టనివ్వకు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాత ఒంట్లో తగ్గిన నీరు భర్తీ కావాలి, తిండి ఆ తర్వాతే.

పక్షికి మనలా డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే ఛాతీ కింది కండరం) లేదు కదా, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. ఛాతీ బిగించి పట్టుకున్నావో, నీ చేతిలోనే పోతుంది. ఎముకలోకి సెలైన్ ఎక్కించాల్సి వస్తే రెక్కలో మోచేతికి అవతల ఉండే అల్నా ఎముక వెతుక్కో. భుజం దగ్గరి హ్యూమరస్ ఎముక జోలికి పోకు, అది పక్షి ఊపిరికి వాడే గాలి సంచులతో కలిసి ఉంటుంది, ఎక్కించిన సెలైన్ అటే పోతుంది. నొప్పికి మెలోక్సికామ్ వాడు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు రాబందుల్ని ఎలా చంపిందో చెప్పక్కర్లేదుగా. పిల్లి నోట పడి వచ్చినదైతే గాయం కనబడకపోయినా యాంటీబయాటిక్ మొదలుపెట్టు, పిల్లి నోటిలోని పాశ్చురెల్లా బాక్టీరియా ఆగదు. బండి తగిలిన గుడ్లగూబకి రెక్క ఒక్కటే చూస్తే చాలదు, కంటి లోపల రెటీనా కూడా చూడాలి. అన్నట్టు, నీ రేబిస్ టీకా సంగతేంటి? రేపు రేబిస్ ఉన్న గబ్బిలం రావచ్చు, అప్పుడు తెలుస్తుంది.

ఇక నువ్వు అడగనిది ఒకటుంది. కుక్క మూడు కాళ్ళతో హాయిగా బతికేస్తుంది. కీలు దగ్గర రెక్క నుజ్జయిన గద్ద మాత్రం ఎముక అతుక్కున్నా వేటాడలేదు. అలాంటిదానికి వారాల తరబడి కట్లు కట్టి చివరికి పంజరంలో పెట్టడం నాకు దయ అనిపించదు. కారుణ్య మరణమే తప్పదనిపిస్తే ఆ రోజే తేల్చెయ్. సాగదీస్తే బాధ దానిదే. మీ స్టాఫ్ అప్పుడే ముద్దుపేరు పెట్టేశారన్నావు, అది మాన్పించు. పిల్ల పక్షులైతే మనిషికి మరిగాయంటే మళ్ళీ అడవికి పనికిరావు.

తెచ్చినవాళ్ళు వెళ్ళిపోకముందే ఎక్కడ దొరికిందో సరిగ్గా రాసుకో. తాబేలులాంటిది బాగయ్యాక తిరిగి ఆ చోటికే చేరాలి. చాలా దేశాల్లో వన్యప్రాణిని అనుమతి లేకుండా ఎక్కువ రోజులు ఉంచుకోకూడదు కూడా. మన పని ప్రాణం నిలబెట్టి, చేతనైన సంరక్షణ కేంద్రానికి పంపడం. అలాంటిది నీకు దగ్గర్లో ఎక్కడుందో ఈ వారమే కనుక్కో. వాళ్ళు రాత్రిళ్ళు ఫోన్ ఎత్తుతారో లేదో కూడా అడుగు. మిగతాది కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ
పాత రూమ్మేట్