ఉగాదికి బూజు దులిపేటప్పుడు ఆ ఒక్క మూల వదిలేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

నగరంలోని ఒక పెద్ద పార్కులో రెండు గంటలు తిరిగినా ఒక్క పిచ్చుక కూడా కనిపించలేదని ఒక పాఠకురాలు బాధపడుతూ రాసిన ఉత్తరం మీ పత్రికలో చదివాను. ఆమెకు జవాబు చెప్పాలనిపించింది. పిచ్చుక చెట్లను నమ్ముకుని బతికే పక్షి కాదు, మనుషులను నమ్ముకుని బతికేది. దాన్ని చూడాలంటే పార్కుకు కాదు, బస్తీకి రావాలి.

మాది వారాసిగూడ. మా వీధి చివర ఒక కిరాణా కొట్టుంది. పొద్దున ఆరున్నరకు షట్టర్ ఎత్తి, బియ్యం బస్తాలు బయట పెట్టి, ముందంతా ఊడుస్తారు. ఆ చీపురు చప్పుడు ఆగగానే ఎదురింటి గోరింట పొదలోంచి పిచ్చుకలు నూకల మీదికి దిగుతాయి. ఫిబ్రవరి మధ్యలో దేశమంతటా నాలుగు రోజులు జనం పక్షులను లెక్కపెట్టి ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తారు. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు చూడాలి, అంతే. మా మనవరాలు ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చింది. నేను కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాలుగు రోజుల్లో వరసగా 14, 17, 11, 19 వచ్చాయి.

లెక్కపెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. చిన్నగా, గోధుమరంగులో ఉన్నదల్లా పిచ్చుక కాదు. గడ్డి గింజల మీద గుంపుగా వాలే మునియాలను, ఆడ గిజిగాడిని చూసి చాలామంది పిచ్చుకలే అనుకుంటారు. మగ పిచ్చుకకు నెత్తి బూడిదరంగులో ఉంటుంది, గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుంది. ఆడదానికి ఆ మచ్చ ఉండదు, కంటి వెనక లేతరంగు గీత ఉంటుంది. గుంపులో నల్ల గొంతువి కొన్ని కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నేను టెలిఫోన్ల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందుకని వీధిలో అందరూ నన్నే అడుగుతారు, సెల్ టవర్ల వల్లే పోయాయటగా అని. 2020లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక ఈ విషయం చూసింది. దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గిందని చెప్పింది. టవర్ల వల్లే అనడానికి గట్టి ఆధారం లేదని కూడా చెప్పింది. మా కిరాణా కొట్టున్న బిల్డింగ్ మీదే ఒక టవర్ ఉంది, దాని కిందే నా పిచ్చుకలున్నాయి. దీంతోనే ఏదో తేలిపోయిందని నేననను. కానీ నా కళ్ల ముందు పోయినవి మాత్రం చెప్పగలను. పక్క పెంకుటిల్లు కొట్టేసి అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టారు. ఆ ఇంటి చూరులో ఏటా మూడు నాలుగు గూళ్లుండేవి. కొత్త గోడలో వేలు దూరే సందు కూడా లేదు. మూలనున్న ఖాళీ జాగాకు సిమెంటు వేశారు, అవి మట్టి స్నానం చేసే చోటు పోయింది. మొక్కలకు కొట్టే మందులతో పురుగులు పోయాయి. పిచ్చుక గింజలు తింటుందనే మనకు తెలుసు. పిల్లలకు మాత్రం మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెడుతుంది. బాల్కనీలో వరికంకుల కుచ్చు కట్టడం మంచిదే, నేనూ కడతాను. దాంతో పెద్ద పిచ్చుకల కడుపు నిండుతుంది కానీ పిల్లలు బతకవు.

అసలు రాయాలనుకున్నది ఇది. పిచ్చుకలు గూడు పెట్టుకునే రోజులు, మనం ఇల్లు శుభ్రం చేసుకునే రోజులు ఒకటే. ఉగాది వస్తోందంటే బూజు దులుపుతాం, సున్నమో పెయింటో వేయిస్తాం. మీటరు బోర్డు వెనక, వెంటిలేటర్‌లో, దేవుడి పటం వెనక ఉన్న గడ్డిని చెత్త అనుకుని తీసేస్తాం. నిరుడు మా ఇంట్లో అదే జరిగింది. పెయింటర్ అబ్బాయి వంటింటి వెంటిలేటర్‌లోంచి గడ్డి, దూది, కోడి ఈకలు కలిసిన ముద్దను కింద పడేశాడు. అందులో మూడు పిల్లలున్నాయి, కళ్లు కూడా తెరవలేదు. అతని తప్పేం లేదు, గూడుందని ముందు చెప్పాల్సింది నేను. తల్లి నోట్లో పురుగుతో వచ్చి, ఖాళీ వెంటిలేటర్ అంచు మీద సాయంత్రం దాకా వాలుతూ లేస్తూనే ఉంది. పండగ రోజు నాకు పచ్చడి గొంతు దిగలేదు.

గుడ్లు పొదగడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో పదిహేను రోజులు. మొత్తం మీద సుమారు నెల రోజులు. ఇల్లంతా దులుపుకోండి, పెయింట్ వేయించుకోండి. గూడున్న ఆ ఒక్క మూల పిల్లలు ఎగిరిపోయాక చూసుకోవచ్చు. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు గోడకు ఒక చెక్కపెట్టె బిగించినా చాలు. 32 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. ఎండ పడని వైపు, పిల్లికి అందని ఎత్తులో పెట్టాలి.

ఈసారి, అంటే 2026లో, ఉగాది మార్చి 19న వస్తోంది, మర్నాడే ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. పిచ్చుకల మీద వార్త మీరు ఏటా ఆ 20వ తేదీనే వేస్తారు. అప్పటికి దులపడాలన్నీ అయిపోతాయి. దయచేసి ఈ ఉత్తరం పండగకు పది రోజుల ముందే వేయండి.

మా వెంటిలేటర్‌లోకి నాలుగు రోజులుగా ఒక మగ పిచ్చుక ఎండుగడ్డి మోసుకొస్తోంది. వంటింటి గోడ ఈసారి అలాగే ఉండనిమ్మని పెయింటర్‌కు ఫోన్ చేసి చెప్పాను.

ఇట్లు,
టెలిఫోన్ల శాఖ విశ్రాంత ఉద్యోగిని,
వారాసిగూడ, హైదరాబాద్