తెగిన తీగ నేలను తాకేలోపే కరెంటు ఆగాలి

సంపాదకులకు నమస్కారం.

కరెంటు వాడకాన్ని కొలిచి వైర్‌లెస్‌లో పంపే స్మార్ట్ మీటర్ల మాట వచ్చినప్పుడల్లా చర్చంతా బిల్లు చుట్టూనే తిరుగుతోంది. అదే వైర్‌లెస్ నెట్‌వర్క్‌తో మనుషుల ప్రాణాలు కాపాడే పని కూడా ఒకటి చేయొచ్చు, దాని గురించి ఎవరూ గట్టిగా అడగడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గాలివానకు స్తంభం మీద తీగ తెగిందనుకోండి. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి అది కింద పడడానికి సుమారు 1.35 సెకన్లు పడుతుంది. పడగానే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ (తేడా వస్తే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతుందిలే అనుకుంటాం కదా, అన్నిసార్లూ అవ్వదు. నేల పొడిగా ఉన్నా, కింద ఇసుకో తారు రోడ్డో ఉన్నా భూమిలోకి పోయే కరెంటు చాలా తక్కువ ఉంటుంది, బ్రేకర్‌కు అది మామూలు లోడ్‌లాగే కనిపిస్తుంది. తీగలో కరెంటు అలాగే ఉంటుంది, చీకట్లో ఎవరో చూసుకోక దాని మీద కాలేస్తారు.

అమెరికాలో శాన్ డియాగో గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ తెగిన తీగల నిప్పురవ్వలతో రేగే కార్చిచ్చుల భయంతో దీనికి దారి వెతికింది. లైను పొడవునా పెట్టిన పరికరాలు సెకనుకు పదుల సార్లు వోల్టేజీ కొలిచి వైర్‌లెస్‌లో పంపుతుంటాయి, ఎక్కడైనా తీగ తెగితే ఆ కొలతల్లో తేడా వెంటనే తెలిసిపోతుంది, తీగ ఇంకా గాల్లో ఉండగానే ఆ భాగానికి కరెంటు ఆపేస్తారు. ఇందుకోసం ఆ సంస్థ సొంత ఎల్‌టీఈ (4జీ ఫోన్ల తరహా) నెట్‌వర్క్ వేసుకుంటోంది. అంతా కలిపి సెకనున్నర కూడా లేని పని కాబట్టి, కబురు ఆలస్యంగా చేరితే చేరనట్టే.

ఇంకో సంగతి. కరెంటు పోయిన క్షణంలో స్మార్ట్ మీటర్ తనలోని చిన్న కెపాసిటర్‌లో (కాసేపటికి సరిపడా కరెంటు దాచుకునే భాగంలో) మిగిలిన శక్తితో "ఇక్కడ సప్లై లేదు" అని ఒక్క మెసేజ్ పంపి ఆగిపోతుంది. కానీ వినే టవర్ కూడా అదే కరెంటు మీద నడుస్తుంటే? మామూలు మొబైల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే నిలుస్తాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు చాలాచోట్ల ఫోన్లూ మూగబోయాయి. లైన్లు సరిచేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన సమయం సరిగ్గా అదే! ఇలాంటి ముప్పు ఉంటుందనే జర్మనీ అంతకుముందే, 2021లో, 450 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ముఖ్యంగా విద్యుత్, నీటి సరఫరా లాంటి అత్యవసర సేవల కోసం కేటాయించింది. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి దూరం పోతుంది, నేలమాళిగలో ఉన్న మీటర్‌నూ అందుకుంటుంది.

హ్యాకింగ్ భయం కూడా ఉంది, కాదనను. 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో హ్యాకర్లు సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు తీసేశారు. దానికి జాగ్రత్తలు మొదటి రోజు నుంచే ఉండాలి, ఆ భయంతో పనే మానుకోవడం మాత్రం సరికాదు.

నెట్‌వర్క్ కాంట్రాక్టు రాసేటప్పుడు ఎన్ని మీటర్లు బిగిస్తారో ఒక్కటే కాదు, తెగిన తీగలో కరెంటు ఎన్ని మిల్లీసెకన్లలో ఆపుతారో, గ్రిడ్ పడిపోయాక టవర్ ఎన్ని గంటలు నిలుస్తుందో కూడా అంకెల్లో రాయించాలి, ఆ అంకెలను జనం ముందు పెట్టాలి.

ఇట్లు,
మీ పాఠకుడు