ఫ్రాన్సు వాళ్లేనా, లీబర్మాన్ గురించి కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఆదివారం పేజీలో ఇంప్రెషనిస్టులంటే (ఆ క్షణాన కంటికి కనిపించిన వెలుగునీ రంగునీ బొమ్మగా వేసే చిత్రకారులు) ఎప్పుడూ ఫ్రాన్సు వాళ్లేనాండి? జర్మనీలో మాక్స్ లీబర్మాన్ అని ఉన్నాడు, 1847లో బెర్లిన్‌లో డబ్బున్న యూదుల ఇంట్లో పుట్టాడు, కానీ గీసింది మాత్రం బాతుల ఈకలు పీకే ఆడవాళ్లనీ నార వడికేవాళ్లనీ, దాంతో ఈయన అందవికారాన్ని గీస్తాడని పేరు పెట్టేశారు. హాలెండు తీరంలో వలలు బాగుచేసే ఆడవాళ్ల పెయింటింగ్ ఒకటుంది, 1887-89లో వేసింది, హాంబర్గ్ మ్యూజియంలో ఉంది. గాలికి ఎదురొంగి వల మోసుకెళ్లే మనిషీ, వెనకాల నేలమీద కూర్చుని కుట్టేవాళ్లూ, పైనంతా మబ్బే. మా అంతర్వేది వైపు కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కుట్టేవాళ్లని రోజూ చూస్తాం, మనోళ్లెవరూ అంత పెద్ద కాన్వాసు మీద వెయ్యలేదేంటా అనిపిస్తదండి. (రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారుండేవారు, పాపం 1925లోనే పోయారు.)

తర్వాత లీబర్మాన్ బెర్లిన్ సెసెషన్‌కి (పాత సంఘం నుంచి విడిపోయిన చిత్రకారుల సంఘం) ప్రెసిడెంటయ్యాడు, 1920 నుంచి 1932 దాకా ప్రష్యన్ కళల అకాడమీకీ ఆయనే, వాన్‌జే చెరువు గట్టున ఇల్లు కట్టుకుని ఆ ఇంటి తోటనే రెండొందలకి పైగా బొమ్మలేశాడు. 1933లో నాజీలొచ్చాక అకాడమీ వదిలేశాడు, 1935లో చనిపోయాడు. భార్య మార్తాని 1943లో నాజీల క్యాంపుకి తీసుకుపోబోతుంటే, 85 ఏళ్ల ముసలావిడ, నిద్రమాత్రలు మింగి ప్రాణం తీసుకుంది. ఇదంతా ఒక్క ఆదివారం వెయ్యండి సార్, ఆ వలల బొమ్మ మాత్రం స్టాంపు సైజులో కాకుండా సగం పేజీకి, కలర్లో.

మీ పాఠకుడు,
సఖినేటిపల్లి