వార్షిక నివేదిక 2024–25: ఆఫ్రికా లఘుచిత్రాలతో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. ఈ ఏడాది పెద్ద సినిమాలు పక్కన పెట్టి, ఆఫ్రికా దేశాల లఘుచిత్రాలే చూద్దామని, ఒక్కోదాంట్లో కథ ఎలా చెప్పారో కూర్చుని మాట్లాడుకుందామని. "మనకేం అర్థమవుతాయండీ" అని ఆ రోజు సందేహపడ్డవాళ్లు తక్కువేం కాదు. ఇప్పుడు వాళ్లే అందరికంటే ముందొచ్చి ముందు వరసలో కూర్చుంటున్నారు. కార్యదర్శిగా నాకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది!

మొదటి నెల సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన 'బోరోమ్ సారెట్' చూశాం. నిడివి ఇరవై నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది. సహారాకు దక్షిణాన ఒక ఆఫ్రికన్ తన గడ్డ మీద తీసిన తొలి కథాచిత్రంగా చాలామంది దీన్నే చెబుతారు. అంత ఆలస్యం ఎందుకయిందో తెలుసుకుంటే కోపం వస్తుంది. ఫ్రెంచి ప్రభుత్వం 1934లో లావల్ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం సెనెగల్ లాంటి తన కాలనీల్లో సినిమా తీయాలంటే వాళ్ల అనుమతి ఉండాల్సిందే. అందుకే 1955లో ఆఫ్రికన్ దర్శకుడు పోలాన్ సుమాను వియెరా, ఆయన మిత్రులు కలిసి 'ఆఫ్రిక్ సుర్ సెన్' అనే లఘుచిత్రాన్ని ఆఫ్రికాలో కాకుండా పారిస్‌లో తీసుకోవాల్సి వచ్చింది. సెంబెన్ మార్సెయ్ రేవులో కూలీగా పనిచేసి, నవలలు రాసి, ఆ తర్వాత మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్న మనిషి. తన పుస్తకాలు చదవలేని తన జనానికి కథ చేరాలన్నది ఆయన తపన.

కథ చాలా చిన్నది. డాకర్ నగరంలో గుర్రబ్బండి తోలుకుని బతికే ఒక మనిషి, అతని ఒక రోజు. ఎక్కినవాళ్లలో చాలామంది డబ్బులివ్వరు. దారిలో ఒక గాయకుడు అతని పూర్వీకుల ఘనతను పాడితే, పొంగిపోయి చేతిలో ఉన్న డబ్బంతా ఇచ్చేస్తాడు. చనిపోయిన పసిబిడ్డను ఎత్తుకుని ఒక తండ్రి బండెక్కుతాడు, కాగితాలు సరిగా లేవని శ్మశానంలోకి రానివ్వరు. చివరికి సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు బతిమాలి, డబ్బున్నవాళ్లు ఉండే, బండ్లు వెళ్లకూడని ప్లాటో ప్రాంతానికి తోలిస్తాడు. పోలీసు ఆపుతాడు. బండివాడి పతకం కింద పడితే దాని మీద బూటుకాలు పెడతాడు. బండి పోతుంది. అతను గుర్రాన్ని నడిపించుకుంటూ ఇంటికొస్తే, భార్య బిడ్డను అతని చేతిలో పెట్టి, ఈ రాత్రికి తిండి దొరుకుతుందని చెప్పి బయటికి వెళ్లిపోతుంది. ఎక్కడికో సినిమా చెప్పదు.

ఆ రోజు జరిగింది రాయాలి. ప్రదర్శన మొదలైన కాసేపటికే స్పీకర్లు మూగబోయాయి. నాకు ఒకటే టెన్షన్. అప్పుడు మనవాళ్లు చేసిన తెలుగు అనువాదం కాగితాలు తీసుకుని, మన సంఘంలోని ఒక టీచరమ్మ లేచి నిలబడి చదవడం మొదలుపెట్టారు. విచిత్రం ఏమిటంటే సినిమా చెడలేదు, ఇంకా దగ్గరైంది. కారణం తర్వాత చర్చలో తేలింది. సెంబెన్ ఈ సినిమాను శబ్దం లేకుండా తీసి, మాటలన్నీ తర్వాత చేర్చారు. పెదవులకు, మాటకు సరిగ్గా పొత్తు కుదరదు. ఆ కొరతనే ఆయన కథనంగా మార్చుకున్నారు. మనం వినేది ఎక్కువగా బండివాడు మనసులో అనుకునే మాటలు. పైకి ఎవరి ముందూ నోరెత్తని మనిషి, మనకు మాత్రం అన్నీ చెప్పుకుంటాడు. రెండోసారి శబ్దంతో చూసినప్పుడు ఇంకోటి పట్టుకున్నాం. పేదల వీధుల్లో సెనెగల్ తీగవాద్యం వినిపిస్తుంది, ప్లాటోలోకి అడుగుపెట్టగానే యూరప్ శాస్త్రీయ సంగీతం మొదలవుతుంది. ఊరి మధ్య గీత ఎక్కడుందో చెవికే తెలిసిపోతుంది.

పేరు అనువాదం మీద పెద్ద వాదనే జరిగింది. వోలోఫ్ భాషలో బోరోమ్ అంటే యజమాని. సారెట్ అంటే బండి, ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. 'బండివాడు' చాలని కొందరు, 'బండి ఆసామి' ఉండాలని కొందరు. ఆసామి అని పిలిపించుకున్న మనిషికి సాయంత్రానికి బండే లేకుండా పోవడం ఈ కథ. అందుకని 'బండి ఆసామి' అనే పెట్టాం. సరైన నిర్ణయమే అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

తర్వాతి రెండు నెలలు జిబ్రిల్ జోప్ మంబెటీకి ఇచ్చాం. ఆయనదీ సెనెగలే. సామాన్యుల కథలుగా మూడు చిత్రాలు తీయాలనుకుని, 1998లో చనిపోయేలోగా రెండే తీయగలిగారు. 'ల ఫ్రాంక్' 1994లో వచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే సెనెగల్, మరికొన్ని ఆఫ్రికా దేశాల్లో డబ్బుగా వాడే సీఎఫ్‌ఏ ఫ్రాంక్ విలువను ఒక్క దెబ్బకు సగానికి తగ్గించారు. దీన్ని ఉపన్యాసంగా చెప్పకుండా మంబెటీ ఒక తలుపు చూపించారు. బీద వాద్యగాడు మరిగో లాటరీ టికెట్‌ను పోకుండా తలుపుకి అతికిస్తాడు. దానికి బహుమతి తగిలాక, టికెట్ ఊడి రాదు కాబట్టి తలుపునే పీకి నెత్తిన పెట్టుకుని ఊరంతా నడుస్తాడు. డబ్బు విలువ పడిపోతే మనిషి మోసే బరువు ఎలా ఉంటుందో ఆ తలుపు చెప్పేస్తుంది. ఒకే వస్తువు కథంతా మోయడం అంటే ఇదే.

రెండోది ఆయన పోయాక 1999లో విడుదలైన 'సూర్యుణ్ణి అమ్మిన చిన్న అమ్మాయి'. ఊతకర్రల మీద నడిచే సిలి అనే పిల్ల, మగపిల్లల మధ్య 'ల సొలెయ్' పత్రిక అమ్ముతుంది. ఆ పత్రిక పేరుకి అర్థం సూర్యుడు. చివర్లో తెర మీద ఒక మాట వస్తుంది: ఈ కథ సముద్రంలోకి వెళ్లిపోతుందని, దాని పరిమళం ముందుగా పీల్చినవాళ్లు స్వర్గానికి పోతారని. హాల్లో ఒక పెద్దావిడ వెంటనే "మన కథ కంచికి లాంటిదేగా ఇది" అన్నారు. అవును, వోలోఫ్ వాళ్ల నోటి కథల సంప్రదాయమే అది. మొదలు కూడా అలాగే ఉంటుంది. కథ చెప్పేవాళ్లు 'లేబోన్' అంటే వినేవాళ్లు 'లిప్పోన్' అని బదులివ్వాలి. మనం ఊ కొట్టినట్టే. బదులు రాకపోతే కథ ముందుకు సాగదు. ఈ ఏడాది చూసిన చిత్రాలన్నిటిలో నాకు కనిపించింది ఈ బదులు కోసం వదిలిన జాగానే. బండి ఆసామి భార్య ఎక్కడికి వెళ్లిందన్నది మనం పూరించుకోవాలి.

మంబెటీ తమ్ముడి కూతురు మతీ జోప్ 2009లో తీసిన 'అట్లాంటిక్' కూడా చూశాం. పడవలో సముద్రం దాటడం ఇందులో ఎక్కడా చూపించరు. రాత్రి మంట చుట్టూ కూర్చున్న కుర్రవాళ్లలో ఒకడు ఆ ప్రయాణం గురించి చెబుతాడు, మనం వింటాం. పదహారు నిమిషాలే, కానీ మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

దర్శకురాలు సారా మల్దొరోర్ 1968లో అల్జీరియాలో తీసిన 'మొనంగంబె' నడిచేది అప్పట్లో పోర్చుగీసు పాలనలో ఉన్న అంగోలా జైల్లో. భర్తను చూడటానికొచ్చిన భార్య 'కంప్లె' తెస్తానంటుంది. అంగోలా జనానికి అది ఒక భోజనం పేరు, పోర్చుగీసు అధికారులకు మాత్రం పూర్తి సూటు. దాంట్లో ఏదో రహస్యం ఉందని ఆ భర్తను చావబాదుతారు. అనువదించిన మనవాళ్లు వారం రోజులు తల పట్టుకుని, చివరికి ఆ మాటను అలాగే ఉంచేశారు.

వేసవి సెలవుల్లో పిల్లల కోసం కెన్యా దర్శకురాలు వనురి కహియు 2009లో తీసిన 'పుంజి' వేశాం. స్వాహిలీలో ఆ మాటకు ఊపిరి అని అర్థం. నీటి కోసం జరిగిన యుద్ధం తర్వాతి లోకం అది. చెమటను కూడా శుద్ధి చేసుకుని తాగుతారు. పిల్లలు ముందు ఛీ అన్నారు, తర్వాత వదలకుండా ప్రశ్నలు వేశారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ప్రదర్శన అనుమతులకు అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది, అందుకే రెండు నెలలు సమావేశాలు వాయిదా పడ్డాయి. మన్నించండి. స్పీకర్లు కొత్తవి కొన్నాం. అనువాద బృందానికి ఫ్రెంచి వచ్చినవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి.

వచ్చే ఏడాది చూడటంతో ఆగకుండా తీద్దామని కార్యవర్గం నిర్ణయించింది. ఒక్కో బృందం పది నిమిషాల్లోపు, ఫోన్‌తోనే. జూలైలో జరిగే మొదటి తరగతికి స్క్రిప్టు వద్దు. మీ ఇంట్లోనో ఊళ్లోనో ఒక పెద్దమనిషి చెప్పిన కథను రికార్డు చేసి తీసుకురండి. పక్కన ఊ కొట్టేవాళ్ల గొంతు కూడా అందులో పడుతుంది, దాన్ని మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
కార్యదర్శి