టెంటు కారు మీదా, నేల మీదా?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇకనుంచి సెలవులను ఆరుబయట గడపాలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నారని చదివి చాలా సంతోషించాను. కారు పైకప్పుకు బిగించే రూఫ్‌టాప్ టెంటు కొనాలా, నేల మీద వేసుకునే మామూలు టెంటు కొనాలా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పమన్నావు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను: నీ కారుకూ, నీ కుటుంబానికీ, నువ్వు రాసిన ప్రయాణాలకూ నేల టెంటే తగినది. అయితే అయిదేళ్ళు నేల మీద, ఆ తరువాత మూడేళ్ళు కారు మీద పడుకుని, ఇప్పుడు మళ్ళీ నేలకు దిగినవాణ్ణి కనుక, ఎందుకలా అంటున్నానో వివరంగా రాయకపోతే నాకు తృప్తి ఉండదు. తీరిగ్గా చదువు.

ముందు కారు సంగతి చూద్దాం. టెంటు రంగూ, పరుపు మందమూ చూసుకుని ముచ్చటపడినవాళ్ళు చాలామంది ఈ ఒక్క లెక్కను చివరికి వదిలేస్తారు. పైకప్పు మీద ఎంత బరువు పెట్టవచ్చో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. సాధారణ కార్లలో అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. నీ కారుకు 75 అని నువ్వే రాశావు. అది కారు నడుస్తున్నప్పటి పరిమితి. మలుపు తిరిగినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడి లేచినప్పుడు పైనున్న బరువు కప్పును అటూ ఇటూ గుంజుతుంది కనుక ఆ అంకెను అంత తక్కువగా పెడతారు. కారు నిలిచి ఉన్నప్పుడు అదే కప్పు అంతకు కొన్ని రెట్ల బరువును మోస్తుంది. నలుగురూ పైన పడుకుంటే కప్పు కుంగిపోదా అని చెల్లెమ్మ భయపడుతున్నదని రాశావు కదా, ఆ భయం పడవలసింది రాత్రి గురించి కాదు, పగటి ప్రయాణం గురించి అని ఆమెకు చెప్పు. ఇద్దరు పట్టే తేలికపాటి రూఫ్‌టాప్ టెంటే సాధారణంగా 40 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. నలుగురు పట్టే వాటిలో 80 దాటేవి ఉన్నాయి. దానికి కింద బిగించే అడ్డకడ్డీల బరువును కూడా కలుపుకోవాలి. ఆ కడ్డీలకు మళ్ళీ వాటి పరిమితి వాటికి ఉంటుంది. కారు చెప్పే అంకె, కడ్డీలు చెప్పే అంకె, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. నువ్వు మనసు పడిన టెంటు 78 కిలోలు. కడ్డీలు కలపకముందే అది నీ కారు హద్దు దాటిపోయింది. దుకాణంలో ఎవరేమి చెప్పినా ఈ విషయంలో మాత్రం మెత్తబడకు.

హద్దుకు లోబడిన టెంటే పెట్టినా, కారు మునుపటిలా ఉండదు. అంత బరువు పైకి చేరినప్పుడు మలుపుల్లో కారు ఒరగడం చేతికి తెలుస్తుంది, ఎదురుగాలిలో ఇంధనం ఎక్కువ తాగుతుంది, కప్పు మీద గాలి హోరు ప్రయాణమంతా వినబడుతూనే ఉంటుంది. ఎత్తు తక్కువగా ఉండే పార్కింగ్‌లోకి దూరే ముందు ఆగి చూసుకోవాలి. బిగించిన బోల్టులను మొదటి కొద్ది గంటల ప్రయాణం తరువాత ఒకసారి, ఆపైన ప్రతి యాత్రకు ముందు ఒకసారి బిగువు సరిచూసుకోవాలి. సెలవులు అయిపోయాక దాన్ని దించడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. దించాక పెట్టడానికి ఒక మంచమంత చోటు కావాలి. అందువల్ల చాలామంది దాన్ని ఏడాది పొడవునా నెత్తిన మోస్తూ తిరుగుతారు. నేనూ అలాగే తిరిగాను.

ఇంత రాశాను కదా అని రూఫ్‌టాప్ టెంటు మీద నాకు చిన్నచూపు ఉందనుకోకు. ఆ మూడేళ్ళలో నేను నిద్రపోయినంత హాయిగా ఆరుబయట మరెప్పుడూ నిద్రపోలేదు. ఇది నిన్న మొన్న పుట్టిన వేలంవెర్రి కూడా కాదు. 1950ల చివరికే ఇటలీలో వీటిని తయారుచేసి అమ్మేవారు, తూర్పు జర్మనీలోనైతే ట్రబాంట్ అనే చిట్టి కారు మీద కూడా టెంటు వేసుకుని సెలవులకు వెళ్ళేవారు. గట్టి పెంకు ఉన్న రకమైతే రెండు గొళ్ళేలు విప్పి పైకి ఒక్క తోపు తోస్తే చాలు, లోపలి గ్యాస్ కడ్డీలు మిగతాదంతా ఎత్తేస్తాయి. పరుపు, దుప్పటి లోపలే పరిచి ఉంటాయి. చీకటి పడ్డాక, చినుకులు పడుతుండగా, నేలంతా రాళ్ళూ బురదా అయిన చోటికి చేరుకున్నా అయిదు నిమిషాల్లో పొడి పక్క మీద నడుం వాల్చవచ్చు. రోజుకొక చోట రాత్రి గడుపుతూ వందల కిలోమీటర్లు సాగిపోయే మనిషికి, అందులోనూ ఒక్కడో ఇద్దరో అయితే, దానికి సాటివచ్చేది లేదు. తెల్లవారుజామున అంత ఎత్తు నుంచి జిప్ తెరిచి పొగమంచు కప్పిన లోయను చూడడం ఎలా ఉంటుందో ఉత్తరంలో రాయగలిగే విషయం కాదు.

అయితే నీ ప్రయాణం అలాంటిది కాదు. ఒకే చోట నాలుగైదు రోజులు మకాం వేసి, పగలు చుట్టుపక్కల కారులో తిరిగి, సాయంత్రానికి మళ్ళీ అక్కడికే చేరాలని నువ్వు రాశావు. మిత్రమా, నా దృష్టిలో ఈ ఒక్క విషయమే మొత్తం ప్రశ్నను తేల్చేస్తుంది. టెంటు కారు మీద ఉన్నప్పుడు ఇల్లు కదలకుండా కారు కదలదు. కాస్త దూరంలో ఉన్న జలపాతం చూసి రావాలన్నా, మరచిపోయిన మందు తేవాలన్నా నిచ్చెన తీసి, పక్కలు సర్ది, గుడ్డ మడిచి, తొడుగు వేసి బయలుదేరాలి. తిరిగి వచ్చేసరికి నీ చోటులో మరొకరు దిగి ఉండవచ్చు. పైగా కారు వాలుగా నిలిస్తే పక్క కూడా వాలుగానే ఉంటుంది. చక్రాల కింద దిమ్మెలు పెట్టి ఎత్తు సరిచేయడానికి మరొక పావుగంట పడుతుంది.

మడత విప్పే మెత్తటి రకం గురించి ఒక ఉదయం నేను పడ్డ పాటు చెబుతాను. రాత్రంతా వాన కురిసింది. లోపలికి చుక్క కూడా దిగలేదు, అది నిజం. కాని పొద్దున్నే బయలుదేరవలసి రావడంతో నీళ్ళు ఓడుతున్న కాన్వాసును మడిచి, దాని పైనుంచి మందపాటి తొడుగు లాగి, చుట్టూ జిప్ వేయవలసి వచ్చింది. తడిసిన కాన్వాసు ఉబ్బి ఉంటుంది, చలికి తొడుగు బిర్రబిగుసుకుపోయి ఉంటుంది. టైరు మీద ఒక కాలు, తలుపు గుమ్మం మీద ఒక కాలు పెట్టి నిలబడి, ఒక చేత్తో గుడ్డను లోపలికి కుక్కుతూ, మరో చేత్తో జిప్‌ను అంగుళం అంగుళం లాగాను. మోచేతి మీదుగా నీళ్ళు చొక్కాలోకి కారుతున్నాయి. మూలమలుపు దగ్గర జిప్ పట్టేసింది. వేళ్ళు తిమ్మిరెక్కి దాన్ని పట్టుకోలేకపోయాయి. ఆ పని ముగిసేసరికి ముప్పావుగంట గడిచింది. అలా తడిగా మూసిన టెంటును ఒకటి రెండు రోజుల్లోగా తెరిచి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, ఆ మచ్చలూ వాసనా ఒక పట్టాన వదలవు.

ఇక నాన్నగారి విషయం. మీరు నలుగురూ పైన, ఆయన కారు సీటు వాల్చుకుని లోపల పడుకునేలా ఆలోచించానని రాశావు. నీ మీద చనువుతో చెబుతున్నాను, ఆ ఆలోచన మానుకో. పైన ఒక్కరు ఒత్తిగిలినా స్ప్రింగుల మీద కారంతా ఊగుతుంది. కింద ఆయనకు కంటిమీద కునుకు ఉండదు. పిల్లలు రాత్రివేళ బయటికి వెళ్ళాలన్నప్పుడల్లా నిద్రమత్తులో చీకట్లో నిచ్చెన దిగాలి. చిన్నవాడికి ఇంకా అయిదేళ్ళు నిండలేదు కదా! నిచ్చెన మెట్టు మంచుకు తడిసి జారుతుంటే పెద్దవాళ్ళకే భయం వేస్తుంది. మెత్తటి రకంలో సగం టెంటు కారు బయటికి వచ్చి ఆ నిచ్చెన ఆధారంగానే నిలుస్తుంది కనుక, దాని పాదం కింద నేల మెత్తగా ఉంటే అదీ ఒక బెంగే.

నేల టెంటుకు కష్టాలు లేవని అనను. నా రెండవ యాత్రలోనే ఒకటి అనుభవించాను. అడుగు గుడ్డ పాడవకుండా కింద పరిచే పట్టాను నేను టెంటు కంటే పెద్దదిగా, నాలుగు వైపులా జానెడు బయటికి వచ్చేలా పరిచాను. ఎంత పెద్దదైతే అంత రక్షణ అనుకున్నాను. అర్ధరాత్రి వాన మొదలైంది. టెంటు పైగుడ్డ మీద నుంచి జారిన నీళ్ళన్నీ ఆ జానెడు అంచు మీద పడి, అక్కడి నుంచి పట్టాకూ అడుగు గుడ్డకూ మధ్యకు చేరాయి. మోకాలు ఆనించగానే కింద నీళ్ళు కదలడం తెలిసింది, కాసేపటికి నా స్లీపింగ్ బ్యాగ్ పాదాల దగ్గర తడిసి ముద్దయింది. ఆ పట్టా టెంటు అడుగు కంటే అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు లోపలికే ఉండాలి. ఇది తెలిసిన తరువాత ఎన్ని వానలు వచ్చినా ఒక్క రాత్రి కూడా తడవలేదు.

కొనేటప్పుడు గుడ్డ మీద మిల్లీమీటర్లలో ఒక అంకె రాసి ఉంటుంది. గుడ్డ మీద నీటిగొట్టాన్ని నిలబెట్టి, ఎంత ఎత్తు నీరు నిలిచేదాకా అది కారకుండా ఓర్చుకుంటుందో కొలిచిన అంకె అది. పైగుడ్డకు 1500 అయినా ఉండాలి, గట్టి వానలకు 3000 ఉంటే నిశ్చింత. అడుగు గుడ్డకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మోకాళ్ళూ మోచేతులూ నీటి మీదికి దాన్ని నొక్కుతాయి. కుట్ల మీద టేపు అతికించి ఉన్నదో లేదో చేత్తో తడిమి చూడు. లోపలి గుడ్డ, పైగుడ్డ వేరువేరుగా, మధ్య గాలి ఆడేలా ఉన్నదే తీసుకో. మనం రాత్రంతా వదిలే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. చాలామంది దాన్ని చూసి టెంటు కారిందనుకుంటారు. చలి వేసినా పై కిటికీలు కాస్త తెరిచే ఉంచాలి. వెచ్చదనం కోసమని ఏ టెంటులోనైనా స్టవ్ గాని బొగ్గులు గాని పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

నేల మీద చలి అని నువ్వు వెనకాడుతున్నట్టున్నావు. ఒంట్లోని వేడిని లాగేసేది నేల, టెంటు కాదు. ఒంటి కింద స్లీపింగ్ బ్యాగ్‌లోని మెత్తటి నింపుడు అణగిపోయి పనికిరాకుండా పోతుంది కనుక అక్కడ కాపాడేది కింద పరిచే పక్క ఒక్కటే. పక్కల మీద ఆర్ విలువ అని ఒక అంకె ఉంటుంది, ఒంటి వేడి నేలలోకి పోకుండా పక్క ఎంత ఆపుతుందో చెప్పేది అదే. వేసవికి 2 సరిపోతుంది, నీళ్ళు గడ్డకట్టే చలికి 4 గాని 5 గాని కావాలి. రెండు పక్కలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కూడుకుంటాయి, కాబట్టి ఇప్పటికే ఇంట్లో ఉన్న నురుగు చాపలను పారేయకు. టెంటు మీద కాస్త తగ్గించుకునైనా పక్కల మీద ఖర్చు పెట్టు. ఈ మాట మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను.

మీ అయిదుగురికీ నేను కొనమనేది నిలబడగలిగే ఎత్తు ఉన్న, మధ్యలో తెర వేసుకోగలిగిన పెద్ద టెంటు. ఆరుగురికని రాసి ఉంటే భుజానికి భుజం ఆనించి ఆరుగురిని పడుకోబెట్టి లెక్కగట్టారని అర్థం, కనుక అయిదుగురికి ఎనిమిది మందిది తీసుకో. నాన్నగారికి మడత మంచం ఒకటి తెర అవతల వేస్తే ఆయన మోకాళ్ళు వంచి నేల మీద నుంచి లేవనక్కరలేదు, వంగకుండా నడిచి బయటికి రావచ్చు. అంత ఎత్తు టెంటుకు గాలి తాకిడి ఎక్కువ, కాబట్టి ఇచ్చిన తాళ్ళన్నీ కట్టాలి. మేకు తల టెంటు నుంచి దూరంగా, అవతలి వైపుకు వాలేలా ఏటవాలుగా కొట్టాలి. బరువు 15, 20 కిలోల దాకా ఉండవచ్చు. డిక్కీలో చోటు చాలకపోతే పక్కలతో సహా సంచిలో వేసి పైన కట్టుకో; నీ 75 కిలోల హద్దులో అది సులువుగా ఇముడుతుంది.

వేసే చోటును వెలుతురు ఉండగానే వెతుక్కోవాలి. పల్లం వద్దు, ఎండిన వాగు అసలే వద్దు, పైన ఎండుకొమ్మలు వేలాడే చెట్టు కింద వద్దు. తినే పదార్థాలు టెంటులో కాకుండా కారులో ఉండాలి. నేల టెంటులో పాములు దూరతాయేమోనని చెల్లెమ్మ అడిగిందట. అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉన్న టెంటులో జిప్ పూర్తిగా మూసి ఉంచితే అవి దూరే సందు ఉండదు, చెప్పులు మాత్రం లోపల పెట్టుకోవాలి లేదా తొడుక్కునే ముందు దులపాలి. ఉరుములు మొదలైతే పైదైనా కిందదైనా ఏ టెంటూ రక్షణ కాదు. అందరూ కారులో కూర్చుని అద్దాలు మూసుకోవాలి.

ఇంత చదివాక కూడా రూఫ్‌టాప్ టెంటు మీద మోజు పోకపోతే, కొనకముందు ఎక్కడైనా రెండు రాత్రులకు అద్దెకు తీసుకో. నువ్వూ చెల్లెమ్మా మాత్రమే, తేలికపాటి రకంలో వెళ్ళిరండి. పిల్లలు పెద్దవాళ్ళై, మీరిద్దరే ఊరూరా తిరిగే రోజులు వచ్చినప్పుడు అది తప్పకుండా కొనుక్కో, బిగించడానికి నేను వస్తాను.

టెంటు రాగానే నేరుగా అడవికి తీసుకెళ్ళకు. ఖాళీ స్థలంలో ఒకసారి పూర్తిగా వేసి, గొట్టంతో పావుగంట నీళ్ళు కొట్టి, కుట్ల దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఆ రోజు నాకు ముందుగా కబురు చెయ్యి. పెట్టెలో వచ్చే మేకులు గట్టి నేలలో వంగిపోతాయి. ఉక్కు మేకులు ఇరవై, సుత్తి ఒకటి నీ కోసం తీసి పక్కన పెట్టాను.

ఇట్లు,
నీ మిత్రుడు